కైటారాను గెలిపించి సాగనంపిన విధం

ఎన్నికలు మంచివాణ్ణి ఎన్నుకోవడానికి పెట్టారని మీకెవరు చెప్పారు? ఎవరు చెప్పినా తప్పే చెప్పారు. ఎన్నికలున్నది ఊరికి పట్టిన పీడకు పూలదండ వేసి, పాట పాడి, సగౌరవంగా విమానం ఎక్కించడానికి!

నవ్వకండి. నేను హాస్యానికి చెప్పడం లేదు. పెద్ద పెద్ద దేశాలవాళ్లు డబ్బు నీళ్లలా పోసి, మైకులు పగిలేలా అరిచి, చివరికి ఎవరు గెలిచినా ఏడాది తిరక్కుండానే నెత్తి కొట్టుకుంటున్నారు. ఎందుకు? గెలిచినవాడు ఏదో చేస్తాడని ఆశ పెట్టుకుంటారు కనుక. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న మా కిరిబాస్ దేశంలో, అందులోనూ మా బికెన్‌రావా దీవిలో, ఆ జబ్బు లేదు. గెలిచినవాడు రాజధానికి వెళ్తాడు. అంతే. అంతకన్నా ఏం కావాలి మనిషికి?

ఒక పక్క మహాసముద్రం, ఇంకో పక్క లగూన్ అనే ఉప్పునీటి మడుగు, మధ్యలో కొబ్బరిచెట్లూ మేమూ. ఈ ఒడ్డున ఒకడు తుమ్మితే ఆ ఒడ్డున ఇంకొకడు చిరంజీవ అంటాడు. అందరం చుట్టాలమే. కానివాడు ఎవడైనా కనపడితే పిల్లనిచ్చి చుట్టాన్ని చేసుకుంటాం.

చుట్టం అడిగితే కాదనకూడదు. ఇది మా ధర్మం. ఇలా అడగడాన్ని బుబుస్ అంటాం. మా చిన్నాన్న కొడుకు వచ్చి స్తంభానికి వేలాడుతున్న వల చూసి, "అన్నా, వల ఇయ్యి" అన్నాడనుకోండి, ఇవ్వాలి. మళ్లీ నాకు వల కావలసి వస్తే నేను ఇంకొకడి ఇంటికి వెళ్లి అడుగుతాను. అలా తిరిగి తిరిగి ఎప్పుడో నా వల నా ఇంటికే వస్తుంది. ఇవ్వనని అన్నవాడు మాత్రం మా మధ్య బతికున్నా లేనట్టే. ఊరంతా చాపలు వేసుకుని కూర్చునే పెద్ద పాక ఉంది, మానెయాబా అంటాం, అందులో వాడి పక్కన ఎవరూ కూర్చోరు. నా ఇన్నేళ్ల వయసులో అలా ఇవ్వనన్నవాణ్ణి నేను చూడలేదు. వాళ్ల ముత్తాత ఇవ్వలేదట అని ఒక కుటుంబం గురించి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటాం.

ధర్మం చక్కగానే నడుస్తుంది, అడిగేవాడికి కాస్త సిగ్గుంటే. తరానికి ఒకడు మాత్రం సిగ్గు లేకుండా పుడతాడు. మా తరానికి పుట్టినవాడు కైటారా.

చూడటానికి బాగుంటాడు, తియ్యగా మాట్లాడతాడు, పాట పాడితే ఆడవాళ్లు పని ఆపి వింటారు. కాని కంటపడిందల్లా అడుగుతాడు! కొత్త చొక్కా వేసుకుని చర్చికి వెళ్లి బనీనుతో ఇంటికి వచ్చినవాళ్లున్నారు. కూతురి పెళ్లికని ఒకాయన పందిని పెంచుతుంటే, "మామా, ఎంత ముద్దుగా ఉంది" అన్నాడు. పెళ్లిలో రొట్టెపండు వడ్డించారు. మా అందరికన్నా పెద్దవాడు బౌరో తాత. రాజధాని తరావా ఆసుపత్రిలో కట్టుడు పళ్లు పెట్టించుకుని వచ్చి, మురిసిపోయి కైటారా ఎదుట నవ్వాడు. "భలే ఉన్నాయి తాతా" అన్నాడు కైటారా. ఆ రోజు దేవుడి దయవల్ల ఎవరో పిలిస్తే మాట మధ్యలో వెళ్లిపోయాడు. అప్పటినుంచి తాత అతని ఎదుట నోరు తెరవలేదు.

మా బతుకులు ఎలా అయ్యాయంటే, సైకిళ్లను, బాబాయ్ అని మేం పండించే చేమదుంపల గుంటలో పడుకోబెట్టి ఆకులు కప్పేవాళ్లం. కొత్త గిన్నెలకు ఆడవాళ్లు మసి పూసేవాళ్లు. మా ఆవిడ రేడియోను బియ్యం బస్తాలో దాచింది. ఏళ్ల తరబడి మా ఇంట్లో ప్రపంచ వార్తలు బియ్యంలోంచి వచ్చాయి.

కాదనలేం, పొమ్మనలేం. మరేం చేయాలి?

సరిగ్గా అప్పుడు పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. కైటారా ఇంటింటికీ తిరిగి, "నీ ఓటు ఇయ్యి" అని అడిగాడు. అడిగాడు కనుక ఇచ్చాం. గెలిచాడు. విమానం ఎక్కి తరావా వెళ్లాడు. మర్నాడు పొద్దున దీవిలో ఏదో వింతగా అనిపించింది. ఏమిటా అని చూస్తే, సైకిళ్లు బయట తిరుగుతున్నాయి! గిన్నెలు మెరుస్తున్నాయి! బౌరో తాత కొబ్బరిచెట్టు కింద కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు!

ప్రజాస్వామ్యం అంటే ఏమిటో మాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత ఇంకోసారి గెలిపించాం. ఈసారి ఆయన అడగకముందే.

మేమే ఇంత తెలివైనవాళ్లమని గొప్పలకు పోవడం లేదు. దక్షిణాన ఉన్న దీవిలో మా తోడల్లుడు ఉంటాడు. వాళ్లు గెలిపించింది చర్చిలో అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఆలస్యంగా పాడేవాణ్ణి. ఆ పక్క దీవివాళ్లు, ఊళ్లో ఎవరి పెళ్లి కుదిరినా వెళ్లి చెడగొట్టేవాణ్ణి పంపారు. ఇంకో దీవివాళ్లు ఒక అబద్ధాలకోరును పంపి, ఇప్పుడు మాకు వాతావరణం సంగతి సరిగ్గా తెలుస్తోందని సంతోషంగా ఉన్నారు. ఏ దీవికి ఆ దీవి శుభ్రంగా ఊడ్చుకుంది. ఊడ్చిందంతా ఎక్కడికి చేరిందని మీరు అడగవచ్చు. అది రాజధానివాళ్ల సమస్య.

ఇంత హాయిగా సాగిపోతున్న చోట ఒక చిన్న అసౌకర్యం ఏర్పడింది. తాగే నీళ్లు పోయాయి.

పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం గట్టు దాటి బాబాయ్ గుంటల్లోకీ బావుల్లోకీ దిగింది. పోటు తగ్గాక సముద్రం వెళ్లింది కాని ఉప్పు వెళ్లలేదు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలని పెద్దలంటారు. మా దీవిలో నీళ్లు తాగినవాడే ఉప్పు తినడం మొదలుపెట్టాడు. ఉత్తరపు కొసన నేల అడుగున మంచినీళ్లు ఇంకా ఉన్నాయి. ఒక సోలార్ పంపు, కొంత పైపు ఉంటే ఊళ్లోకి వస్తాయి. ఆ పంపు ఇవ్వమని తరావాలో ఎవరో అడగాలి. మా సభ్యుడు కైటారా. దేశంలో ఆయన్ని మించి అడిగేవాడు పుట్టలేదు. ఐదారుసార్లు కబురు పెట్టాం. "తప్పకుండా" అన్నాడు. ఎదుటివాడి ఒంటిమీది చొక్కా అడగడం వచ్చినంత తేలిగ్గా, ఊరికోసం ఒక పంపు అడగడం ఆయనకు రాలేదు.

వాన వచ్చి చాలా కాలమైంది. ఇక మంచినీళ్లు మిగిలింది ఒక్క రుటియో ఇంటి ట్యాంకులోనే.

రుటియో మా పక్కింటివాడు, పడవలు కడతాడు. పడవలు కట్టే పెద్ద షెడ్డు మీది రేకుల నుంచి వాననీళ్లు ట్యాంకులోకి దిగేలా తనే అమర్చుకున్నాడు. అతని భార్య తెరెంగా కైటారాకు స్వయానా అక్క. ఒకే కడుపున పుట్టినా, అడిగే గుణం మాత్రం అక్కకు రాలేదు. తమ్ముడు రెండు వంతులూ పట్టుకుపోయాడు. రుటియో సంగతి ఏం చెప్పను! కాదనకూడదు కనుక మేమంతా ఇస్తాం, ఇచ్చి ఇంట్లోకి వెళ్లి తిట్టుకుంటాం. అతను ఇచ్చి మరిచిపోతాడు. అందుకే ఊరంతా బకెట్లు పట్టుకుని అతని ఇంటికే వచ్చింది. సాయంత్రం అవగానే అందరం అక్కడే చేరి టీ తాగేవాళ్లం. ఒక్కొక్కరం రెండేసి కప్పులు, నిండా చక్కెర.

తెరెంగా రోజూ పొద్దున లేచి ట్యాంకును వేలి కణుపులతో కొట్టి వినేది. మొదట్లో మొద్దుగా పలికేది. తర్వాత తర్వాత, కొట్టినచోటల్లా కంచులా మోగడం మొదలుపెట్టింది. నా ఇంట్లోంచి నాకూ వినపడేది. ఏం చేస్తాం, వినపడింది.

ఒక రోజు ఆమె మొగుడితో అన్న మాటలు కూడా వినపడ్డాయి. మా ఇళ్లకు గోడలుండవు కనుక ఇందులో నా తప్పు లేదు.

"వచ్చే ఎలక్షన్లో నువ్వు నిలబడు."

"నేనా? నాకు మాట్లాడ్డం చేతకాదు గదే."

"మాట్లాడక్కర్లేదు. పోయి పంపు అడుగు. మావాడు లోకంలో ఉన్నయన్నీ అడిగాడు, అదొక్కటీ అడగలేదు."

"అడగడం నాకు అలవాటు లేదు."

"ట్యాంకు అడుక్కు వచ్చింది. అది అయిపోయాక పిల్లలకి ఏం పోస్తావు? కన్నీళ్లా?"

రుటియో ఉలి కింద పెట్టాడు. తర్వాత వెళ్లి, ఉన్న ఒక్క మంచి చొక్కా తొడుక్కున్నాడు.

అతను ఇంటింటికీ తిరగడం నేను చూశాను. ముంగిట్లో నిలబడి, కాలి బొటనవేలు చూసుకుంటూ, "ఓటు... వీలైతే..." అనేవాడు. అడగడం పూర్తికాకముందే అందరం, "నీక్కాక ఇంకెవరికి వేస్తాం" అన్నాం. ఒకరిద్దరు కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు. రుటియో మొహం వెలిగిపోయింది. ఉత్తరపు కొసకు వెళ్లి పైపు ఎటు తీసుకురావాలో కర్రలు పాతి వచ్చాడు.

అతను వెళ్లాక ప్రతి ఇంట్లోనూ ఏం మాట్లాడుకున్నారో తెలుసా? బౌరో తాత ఇంట్లో మాట్లాడుకున్నది చెబుతాను. మిగతా ఇళ్లలోనూ అదే, పళ్ల విషయం ఒక్కటి తప్ప.

"మంచోడే. వాడికే వేస్తానని చెప్పాను" అన్నాడు తాత.

"వేస్తావా మరి?" అంది అవ్వ.

"మతుండే అంటున్నావా? వాడు తరావా పోతే మనకి నీళ్లెవడు పోస్తాడు? పడవ చిల్లు పడితే ఎవణ్ణి అడుగుతావు?"

"పంపు తెస్తానంటున్నాడుగా."

"తెస్తే తెస్తాడు, ఎప్పటికో. ఈలోపు ఓడిపోయిన ఆ కైటారాగాడు ఎక్కడుంటాడు? ఇక్కడే. ఎవరింట్లో? వాళ్లక్క ఇంట్లో, ట్యాంకు పక్కన. పొద్దున లేస్తే వాడి మొహం చూడాలి. నోరు మూసుకుని చావాలి నేను."

అవ్వ తల పంకించింది. "అయినా మన రెండు ఓట్లతో ఏమవుతుందిలే. మిగతావాళ్లంతా రుటియోకే వేస్తారు" అంది.

ఇక కైటారా. ప్రచారానికని విమానం దిగాడు. సైకిళ్లు మళ్లీ గుంటల్లోకి వెళ్లాయి. అక్క ఇంటికి వెళ్లి, చేప తిని, కల్లు తాగి, చాప మీద వెనక్కి వాలి బావను చూశాడు.

"బావా, నువ్వు కూడా నిలబడ్డావంట గదా. సంతోషం."

"ఆఁ, ఏదో. మీ అక్క నిలబడమంది."

"మంచిపని చేశావు. అవునూ, నీ దగ్గర కూడా ఒక ఓటుంటుంది గదా బావా?"

"ఉంటుంది."

"ఇయ్యి."

రుటియో తల గోక్కున్నాడు. సముద్రం వైపు చూశాడు. బావమరిది అడిగాడు, ఎలా కాదంటాడు?

"సరే, తీసుకో."

తెరెంగా వంటపాకలోంచి వచ్చి, "ఏమడిగాడు నిన్ను?" అంది.

"చిన్నదేలే" అన్నాడు రుటియో.

ఓట్ల లెక్కింపు మానెయాబాలోనే జరిగింది. కాగితాలు విప్పి, పైకెత్తి, పేరు చదివే పని నాది. నాకు కళ్లజోడుంది, గొంతు పెద్దది. ఇంతకన్నా అర్హతలు మా దీవిలో అడగరు. ఊరంతా చాపల మీద చతికిలబడి కూర్చుంది. మొదటి కాగితం విప్పాను. కైటారా. రెండోది. కైటారా. అలా చదువుతూ పోయాను. కాసేపటికి జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి చాప అల్లిక చూడటం మొదలుపెట్టారు. ఎవరికివారు, నేనొక్కణ్ణే కదా, నా ఒక్క ఓటే కదా అనుకుని వేశారు. ఇప్పుడు ఆ ఒక్కొక్క ఓటూ నా చేతిలోంచి కుప్పగా పడుతుంటే, అందరి లోపలి సంగతీ అందరికీ తెలిసిపోయింది. రహస్య ఓటు ఎంత గొప్పదో చూశారా? దీవి మొత్తానికి ఒకే రహస్యం!

చివరికి రుటియోకు రెండు ఓట్లు వచ్చాయి.

ఒకటి తెరెంగాదని అందరికీ తెలుసు. ఆ రెండోది తనదేనని ఇప్పటికి సగం ఊరు రుటియో చెవిలో విడివిడిగా చెప్పింది. అతను అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు.

పాఠకులారా, దీన్ని ఓటమి అనేవాళ్లకు రాజనీతి తెలియదని నా అభిప్రాయం. ఇది ప్రేమ! పట్టుబట్టి ఒక మనిషిని తమ దగ్గరే ఉంచుకోవడానికి ఒక దీవికి దీవే ఏకమైంది. లోకంలో ఏ గెలిచినవాడి మీదైనా ఇంత ప్రేమ కనపడిందా? ఇదే మాట ఆ సాయంత్రం నేను తెరెంగాతో అన్నాను కూడా. ఆమె నన్ను ఒకసారి చూసి, లేచి వెళ్లి ట్యాంకును కొట్టింది. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడే విజయోత్సవం. ఊరందరికీ అన్నం, ట్యూనా, డబ్బా మాంసం, టీ పెట్టాలి. నీళ్లేవి? కైటారా బావ దగ్గరికి వచ్చాడు.

"బావా, పండగకి నీళ్లు."

"ట్యాంకులో అడుగునే ఉన్నాయి కైటారా."

"ఆ అడుగువే ఇయ్యి. నేను గెలిచిన పండగ, నీ బావమరిది పండగ."

రుటియో కుళాయి తిప్పాడు. తన ఓటమికి విందు తన నీళ్లతోనే వండించిన అభ్యర్థి చరిత్రలో ఇంకొకడు ఉన్నాడా? ఉంటే చెప్పండి, మా దీవి పేరు వెనక్కి తీసుకుంటాను.

విందు ఘనంగా జరిగింది. తిన్నాం, పాడాం, చిందులేశాం. విమానం దిగిన చప్పుడు కూడా వినపడింది. బౌరో తాత పెదాలు బిగించి కూర్చుని, కైటారా మెడలో పూలదండ వేశాడు. ఇంక లేవడమే తరువాయి అనుకుంటుండగా, ఆడవాళ్లు కూర్చునే వైపు నుంచి తెరెంగా లేచి నిలబడింది. ఆమె మానెయాబాలో నోరు విప్పడం అదే మొదటిసారి.

"తమ్ముడూ, పుట్టి ఇన్నేళ్లయింది. ఎప్పుడైనా నిన్ను ఏమైనా అడిగానా?"

"లేదక్కా" అన్నాడు కైటారా, నోట్లో ఇంకా మాంసం ఉంది.

"ఈ రోజు అడుగుతున్నా. అందరి ముందూ అడుగుతున్నా. ఇదిగో ఈ నాలుగేళ్లు నాకియ్యి. విమానం ఎక్కొద్దు. నా ఇంట్లో ఉండు, మేం తినేదే తిను, నా బావిలో నీళ్లే తాగు. పార్లమెంటు మీటింగులకి పోయి రా, కాదనను. మీటింగవగానే తిరిగొచ్చి మా నీళ్లు తాగు. పంపు వచ్చిందాకా."

కైటారా నమలడం ఆపేశాడు. ఎలా కాదంటాడు? జీవితమంతా ఏ ధర్మాన్ని పట్టుకుని బతికాడో అదే ఇప్పుడు అతని మెడ పట్టుకుంది. మొహం పాలిపోయింది. కళ్లు బయటి వైపూ విమానం వైపూ తిరిగాయి. నాకు ఒక్క క్షణం ఏమో, పంపు నిజంగానే వస్తుందేమో అనిపించింది. తొలి వారంలోనే వచ్చేది, ఒట్టు.

అప్పుడు దీవి మొత్తానికి ఇంకో సంగతి తట్టింది. కైటారా ఇక్కడే ఉంటాడు. రేపు, ఎల్లుండి, నాలుగేళ్లు!

సభలో చిన్న మూలుగు పుట్టింది. తల్లులు పిల్లల చొక్కాలు సర్దారు. మా ఆవిడ నా చెవిలో, "రేడియో" అంది. అందరి చూపులూ బౌరో తాత మీదికి వెళ్లాయి. పెద్దవాడు అందుకే కదా ఉన్నది!

తాత కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. పళ్లు కనపడకుండా మాట్లాడటం ఆయన ఏనాడో సాధన చేశాడు.

"తల్లీ తెరెంగా, నీ తమ్ముణ్ణి అడిగావు, బాగుంది. ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నా. నువ్వడిగిన ఆ నాలుగేళ్లు నాకిచ్చెయ్."

తెరెంగా ఆయన్ని చూసింది. తర్వాత ఒక వరుస తర్వాత ఒక వరుసగా మమ్మల్నందరినీ చూసింది. ఎవరమూ తల ఎత్తలేదు. చివరికి రుటియో వైపు చూసింది. అతను ఎప్పటిలాగే తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

"ఇచ్చాను తాతా. ఇక అవి నీవి. జాగ్రత్తగా దాచుకో" అని కూర్చుంది.

పాక అంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆ సంబరంలో బౌరో తాత ఒళ్లు మరిచి, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి కైటారా ఎదుట నోరారా నవ్వాడు.

"అరె," అన్నాడు కైటారా, "తాతా, ఆ పళ్లు ఇంకా ఉన్నాయా నీ దగ్గర? ఇయ్యి."

విమానం వెళ్లిపోయింది. పూలదండతో, రెండు పందులతో, ఒక సైకిలుతో, జేబు రుమాలులో చుట్టిన పళ్లతో మా ప్రజాప్రతినిధి ఆకాశంలోకి లేచాడు. పీడ విరగడైందని అందరం చేతులూపాం. ఇంటికి వచ్చి మా ఆవిడ రేడియోను బియ్యంలోంచి తీసింది. మిగతా దీవుల ఫలితాలు చెబుతున్నారు. ఆలస్యంగా పాడేవాడు గెలిచాడు. పెళ్లిళ్లు చెడగొట్టేవాడు భారీ ఆధిక్యంతో గెలిచాడు. అబద్ధాలకోరు తాను ఓడిపోయానని చెప్పాడట, కనుక గెలిచాడు. అలా వింటూ కూర్చున్నవాణ్ణి, ఇన్నేళ్లుగా తట్టని ఒక చిన్న సంగతి తట్టి, లేచి రేడియో ఆపేశాను. మా పంపు మంజూరు చేయాల్సింది కూడా, అన్ని దీవులూ ఊడ్చి పంపిన వీళ్లే.

సాయంత్రమైంది. అలవాటు ప్రకారం ఊరంతా రుటియో ఇంటికి చేరింది. ఓడిపోయినవాణ్ణి ఓదార్చాలి కదా! నువ్వు వెళ్లిపోతే మేమేమైపోయేవాళ్లం అని ఒకరు, నీలాంటివాడు మా మధ్య ఉండటం మా అదృష్టం అని ఒకరు. రుటియో పాత చొక్కా వేసుకుని పడవ చెక్కుకుంటున్నాడు. మధ్యలో ఒకాయన తన పడవ చిల్లు సంగతి ఎత్తాడు. రేపు చూస్తానన్నాడు రుటియో.

తెరెంగా మా అందరి ఎదుట ట్యాంకు దగ్గరికి వెళ్లి వేలి కణుపులతో కొట్టింది. చర్చి గంటలా మోగింది. తర్వాత బకెట్టు తీసుకుని, ఇంటి వెనక బావి వైపు నడిచింది.

టీ వచ్చింది. వేడిగా, ఎర్రగా, నిండా చక్కెరతో. మొదటి గుక్క నోట్లో పడగానే నాకు నాలుక ముడుచుకుపోయింది. చక్కెర ఒక వైపు లాగుతోంది, ఉప్పు ఇంకో వైపు లాగుతోంది. చుట్టూ చూశాను. అందరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి, ఎవరి గొంతూ కదలడం లేదు. ఇచ్చినదాన్ని ఉమ్మకూడదు. అది కూడా మా ధర్మమే. ఒక్కొక్కరమే మింగాం.

"ఎలా ఉంది బాబాయ్?" అని నన్నడిగింది తెరెంగా.

"బాగుందమ్మా."

"తాతా, నీకు?"

బౌరో తాత బోసినోటితో ఏదో అన్నాడు. పళ్లు లేక మాట స్పష్టంగా రాలేదు కాని, బాగుందనే అని ఉంటాడు. ఇంకేమనగలడు?

"బాగుంటే ఇంకొంచెం పొయ్యనా?" అంది ఆమె, కెటిల్ ఎత్తి పట్టుకుని.

పిల్లలు మా మొహాలు చూస్తున్నారు. కాదని ఏ ఒక్కరి నోటా రాలేదు. అందరం కప్పులు ముందుకు చాచాం.